మినీ ట్రాక్టర్ వెనక ఏం తగిలించాలి? కంగ్టి పొలాలకు కొనేవేవి, కిరాయికి చాలేవేవి

కంగ్టి: ట్రాక్టర్ కొనడం ఒకెత్తు, దాని వెనక ఏం తగిలించాలో తేల్చుకోవడం ఇంకో ఎత్తు. హైదరాబాద్‌లో కూలి పనో, డ్రైవర్ ఉద్యోగమో చేసి, లేదంటే గల్ఫ్‌లో కొన్నేళ్లు గడిపి ఊరికి తిరిగొచ్చినవాళ్లు ఉంటారు. ఉన్న మూడు నాలుగెకరాల్లో ఒక షెడ్డు వేసుకుని, రెండు బర్రెలు కట్టుకుని, సొంతంగా సేద్యం చేద్దామనుకుంటారు. ఎడ్ల జత కొంటే వాటికి ఏడాది పొడవునా మేత, చూసుకునే మనిషి కావాలి. పెద్ద ట్రాక్టర్ ధర అందదు. అప్పుడు చూపు పడేది 15 నుంచి 30 హెచ్‌పీ లోపు మినీ ట్రాక్టర్ మీద. బండితో పాటు రోటవేటర్, కల్టివేటర్, ట్రాలీ అన్నీ కలిపి ఒక 'సెట్' లాగా తీసుకుంటే పని అయిపోతుందనిపిస్తుంది. ఆ సెట్‌లో ఏడాదికి నాలుగు రోజులు కూడా బయటికి రానిది ఏదో కిస్తీలు మొదలయ్యాక గానీ తెలియదు.

2015-16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో సగటు కమతం ఒక హెక్టారు, అంటే దాదాపు రెండున్నర ఎకరాలు. అంత చిన్న భూమి మీద పెట్టిన ప్రతి వెయ్యి రూపాయలకూ లెక్క ఉండాలి. కాబట్టి "ఈ బండికి ఏమేం దొరుకుతాయి" అని కాకుండా, "నా పొలంలో ఏ పని ఏడాదికి ఎన్ని రోజులు ఉంటుంది" అనే దగ్గర మొదలుపెట్టాలి.

ముందు నేల చూడాలి

సంగారెడ్డి జిల్లా, నారాయణఖేడ్ డివిజన్‌లో కర్ణాటక సరిహద్దు పక్కన ఉన్న మండలం కంగ్టి. ఈ ప్రాంతంలో రెండు రకాల నేలలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి నల్లరేగడి, ఇంకోటి మొరం, రాళ్లు కలిసిన ఎర్ర చెలక. పత్తి, కంది, సోయాబీన్, పెసర, మినుము వానాకాలంలో, శనగ, జొన్న యాసంగిలో. ఎక్కువ భాగం వాన మీద ఆధారపడ్డ సేద్యమే.

ఈ రెండు నేలలూ చిన్న బండిని రెండు రకాలుగా పరీక్షిస్తాయి. నల్లరేగడి ఎండితే రాయి, తడిస్తే బంక. మధ్యలో పదును ఉండేది కొన్ని రోజులే. ఆ పదును మీద 24 హెచ్‌పీ బండి హాయిగా నడుస్తుంది. పదును దాటాక అదే బండి, అదే పొలంలో చక్రాలు తిప్పుకుంటూ నిలబడిపోతుంది. ఎర్ర చెలకలో వాన పడ్డాక త్వరగానే పొలంలోకి దిగొచ్చు కానీ, రాయి తగిలి కర్రు వంగడం, రోటవేటర్ బ్లేడ్లు విరగడం మామూలే. అందుకే పక్క ఊరి వాళ్లకు బాగా పనిచేసిందని విని కొనేస్తే కుదరదు. వాళ్లది ఏ నేలో ముందు అడగాలి.

నల్లరేగడి ఎక్కువ ఉన్నవాళ్లు నాలుగు చక్రాలూ తిరిగే మోడల్ వైపు మొగ్గడమే మంచిది. మహీంద్రా జీవో, కుబోటా నియోస్టార్ లాంటి వాటిలో ఆ రకం దొరుకుతుంది. స్వరాజ్ 717 లాంటి 15 హెచ్‌పీ బండ్లు ఎర్ర చెలకకు, తోటలకు, ట్రాలీ పనికి సరిపోతాయి. నల్లరేగడిలో లోతు దుక్కి వాటి నుంచి ఆశించకూడదు.

బండి మీద రాసిన హెచ్‌పీ అంతా పనిముట్టుకు రాదు

ఇంజన్ హెచ్‌పీ ఒకటి, వెనక పీటీవో షాఫ్ట్ దగ్గర దొరికే హెచ్‌పీ ఇంకొకటి. గేర్లలో కొంత పోయి, సాధారణంగా 85 నుంచి 90 శాతం మిగులుతుంది. 24 హెచ్‌పీ బండి అంటే రోటవేటర్‌కు చేరేది 20, 21 మాత్రమే. పనిముట్టు పుస్తకంలో '25 హెచ్‌పీ కావాలి' అని ఉంటే అది ఇంజన్‌దా, పీటీవోదా అని అడిగి తీరాలి.

రెండో సంగతి లిఫ్ట్. జీవో 245, నియోస్టార్ బీ2441 లాంటి బండ్లకు 750 కిలోల లిఫ్ట్ అని రాసి ఉంటుంది. ఆ లెక్క కింది లింకుల చివర దగ్గరిది. పనిముట్టు బరువు అక్కడే ఉండదు, రెండడుగులు వెనక్కి ఉంటుంది. వెనక్కి జరిగే కొద్దీ లిఫ్ట్ ఎత్తగలిగేది తగ్గుతుంది, ముందు చక్రాలు తేలిపోతాయి. ముందు బరువులు వేయకుండా బరువైన పనిముట్టు ఎత్తి గట్టు ఎక్కిస్తే స్టీరింగ్ చేతిలో ఉండదు.

మూడోది పిన్నుల సైజు. వెనక మూడు పాయింట్ల లింకేజీలో తరగతులు ఉంటాయి. కేటగిరీ 1 లో కింది పిన్ను 22 మిల్లీమీటర్లు, కేటగిరీ 2 లో 28. చిన్న బండ్లకు కేటగిరీ 1, లేదా అందులోనే ఇరుకు రకం వస్తుంది. అన్న దగ్గర పెద్ద ట్రాక్టర్‌కు వాడే తొమ్మిది కొమ్ముల కల్టివేటర్ ఉంది కదా, అదే వాడుకుందాం అనుకుంటే, పిన్ను దగ్గరే ఆగిపోతుంది. పిన్ను మార్పించి తగిలించినా లాగడానికి శక్తి చాలదు.

ఈ లింకేజీ వెనక ఒక కథ ఉంది. ఐర్లాండ్‌లో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్ దీన్ని రూపొందించాడు. 1939లో ఫోర్డ్ కంపెనీ తన 9ఎన్ ట్రాక్టర్‌కు దీన్ని అమర్చాక ప్రపంచమంతా పాకింది. అంతకుముందు నాగలిని వెనక గొలుసుతో లాగేవాళ్లు. బండి బరువుగా ఉంటేనే లాగగలిగేది. ఫెర్గూసన్ పద్ధతిలో నాగలి మీద పడే నేల బరువు వెనక చక్రాల మీదికి మళ్లుతుంది. అందుకే తేలిక బండి కూడా దున్నగలుగుతుంది. ఇప్పుడు సీటు పక్కన ఉండే 'డ్రాఫ్ట్' లివర్ పని అదే: నేల గట్టిపడితే పనిముట్టును తనంతట తాను కొంచెం పైకెత్తుతుంది. చిన్న బండి కొనేవాళ్లు ఈ లివర్ వాడకం డెమో రోజే నేర్చుకోవాలి. చాలామంది దాన్ని ముట్టుకోకుండానే ఏళ్లు గడిపేస్తారు.

కల్టివేటర్ కొనాలి, రోటవేటర్ లెక్కేయాలి

నాలుగెకరాల రైతు కళ్లు మూసుకుని కొనదగ్గది ఐదు కొమ్ముల స్ప్రింగ్ కల్టివేటర్. రాయి తగిలితే స్ప్రింగు వెనక్కి వంగి మళ్లీ కుదురుకుంటుంది కాబట్టి ఎర్ర చెలకకు గట్టి కొమ్ముల రకం కంటే ఇదే మేలు. వేసవి వానకు ఒకసారి, విత్తే ముందు రెండుసార్లు, యాసంగికి ఇంకోసారి. పదును ఎప్పుడొస్తే అప్పుడు సొంత చేతిలో ఉండాల్సిన పనిముట్టు ఇది. జూన్‌లో మంచి వాన పడ్డ మర్నాడు ఊరంతా ఒకేసారి కిరాయి ట్రాక్టర్ కోసం పరిగెత్తుతుంది. నాలుగెకరాల వాడి వంతు వచ్చేసరికి పదును పోతుంది. సొంత బండి అసలు లాభం ఇక్కడే.

రోటవేటర్ సంగతి వేరు. షోరూమ్‌లో అన్నింటికంటే ఆకర్షణగా కనిపించేది ఇదే. ఒక్క చుట్టుతో మట్టి పిండిలా అవుతుంది. 24 హెచ్‌పీ బండికి సరిపోయేది మీటరు వెడల్పు రకం, ఇంకొంచెం శక్తి ఉంటే 1.2 మీటర్లు. గంటకు మూడు కిలోమీటర్ల వేగంతో మీటరు రోటవేటర్ నడిపితే, మలుపులు, ఆగడాలు పోను గంటకు అర ఎకరం మీద కొంచెం అవుతుంది. ఎకరానికి దాదాపు రెండు గంటలు. పెద్ద ట్రాక్టర్ దాని రెండింతల వెడల్పుతో గంటలోపే తేల్చేస్తుంది.

డబ్బు లెక్క కూడా చూద్దాం. చిన్న రోటవేటర్ ధర 90 వేలు అనుకుందాం. నాలుగెకరాల్లో ఏడాదికి రెండుసార్లు కొడితే ఎనిమిది ఎకరాలు. పదేళ్లకు 80 ఎకరాలు. అంటే ఎకరానికి 1,125 రూపాయలు కేవలం పనిముట్టు ధరకే పోయింది. డీజిల్, బ్లేడ్లు, గేర్ ఆయిల్, మనిషి శ్రమ దాని పైన. ఇదే పద్ధతిలో 25 వేల కల్టివేటర్‌ను నాలుగెకరాల్లో ఏడాదికి నాలుగుసార్లు వాడితే పదేళ్లకు 160 ఎకరాలు. ఎకరానికి సుమారు 156 రూపాయలు. ధరలు షోరూమ్‌ను బట్టి మారతాయి, ఎవరి అంకెలు వాళ్లు పెట్టుకోవచ్చు. వచ్చిన అంకెను ఊళ్లో ఎకరం కిరాయి పక్కన పెట్టి చూస్తే చాలు, కొనాలో వద్దో అదే చెబుతుంది. తమ్ముడి పొలం, మేనమామ పొలం కూడా కలిసి పదిహేను ఎకరాలు ఉంటే రోటవేటర్ లెక్క మారిపోతుంది. అప్పుడు కొనొచ్చు.

డబ్బు సంగతి పక్కన పెట్టినా, రోటవేటర్ తిరిగేది పైన నాలుగైదు అంగుళాల్లోనే. ఏటా అదే లోతులో తిప్పితే కింద గట్టి పొర ఏర్పడుతుంది. కంది వేరు లోతుకు దిగే పంట. ఆ పొర దగ్గర వేరు అడ్డం తిరిగితే, ఆగస్టులో పది రోజులు వాన ఆగినప్పుడు చేను వాడిపోతుంది. రోటవేటర్ వాడే రైతు కూడా రెండు మూడేళ్లకోసారి వేసవిలో పెద్ద ట్రాక్టర్‌తో పల్టీ నాగలి లోతు దుక్కి చేయించుకోవాలి. ఆ పని మినీ ట్రాక్టర్‌తో నల్లరేగడిలో కాదు. పత్తి కట్టె ముక్కలు చేసి నేలలో కలపడం కూడా అంతే. మనిషెత్తు పత్తి కట్టెను మీటరు రోటవేటర్ చుట్టేసుకుంటుంది, కోయలేదు. దానికి పెద్ద బండి, ష్రెడ్డర్ కిరాయికి తెచ్చుకోవడమే.

విత్తనం, గుంటుక: వరుస దూరమే అసలు లెక్క

విత్తన గొర్రు, దానికే ఎరువు పెట్టె ఉన్న రకం, సోయా, శనగ, పెసర వేసేవాళ్లకు కల్టివేటర్ తర్వాత రెండో కొనుగోలు. విత్తడం ఆలస్యమైతే నష్టం నేరుగా దిగుబడి మీద పడుతుంది కనుక ఇది కూడా అదనుకు సొంతంగా ఉండటం మంచిది. సోయాకు వరుసల మధ్య 45 సెంటీమీటర్లు పెడితే ఐదు వరుసల గొర్రు దాదాపు ఏడడుగుల వెడల్పు అవుతుంది. ఎర్ర నేలలో చిన్న బండి దాన్ని లాగుతుంది. నల్లరేగడిలో నాలుగు వరుసలకే సర్దుకోవడం నయం.

చిన్న బండి కొనడానికి అసలు కారణం కలుపు పని కావాలి. మూడు, మూడున్నర అడుగుల వెడల్పు ఉండే ఈ బండ్లు పత్తి సాళ్ల మధ్యకు వెళ్లగలవు. కానీ బండి వెళ్లాలంటే సాళ్లు ముందే దానికి తగ్గట్టు వేయాలి. 90 సెంటీమీటర్ల సాళ్లలో మూడడుగుల బండిని నడిపితే కొమ్మలు విరుగుతాయి. 120 సెంటీమీటర్లు పెడితే పత్తి మోకాలెత్తు దాటేదాకా గుంటుక, చిన్న కల్టివేటర్ నడుస్తాయి. కూలి దొరకని రోజుల్లో కుటుంబానికి నిజంగా మిగిలేది ఈ పనిలోనే. జూన్‌లో అలవాటు ప్రకారం విత్తేసి, జులైలో బండి పట్టడం లేదని తిట్టుకోవడం కంటే, కొనేటప్పుడే టేపు పెట్టి టైరు అంచు నుంచి అంచుకు కొలుచుకోవాలి.

నల్లరేగడి రైతులకు ఇంకో దారి ఉంది. ఇదే సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్, నల్లరేగడిలో నీరు నిలిచి పంట కుళ్లకుండా వెడల్పు బోదె, కాలువ పద్ధతిని అభివృద్ధి చేసింది. మీటరు వెడల్పు బోదె, పక్కన అర మీటరు కాలువ. ఎక్కువ వానొస్తే నీరు కాలువలో పోతుంది, తక్కువొస్తే బోదెలో తేమ నిలుస్తుంది. చక్రాలు ఎప్పుడూ కాలువలోనే నడుస్తాయి కాబట్టి పంట నేల తొక్కుడు పడదు. చిక్కేమిటంటే చక్రాల మధ్య దూరం మీటరున్నర ఉండాలి. ఇరుకు మినీ బండికి అంత రాదు. సోయా, కంది ఈ పద్ధతిలో వేద్దామనుకుంటే బోదెలు పెద్ద ట్రాక్టర్‌తో కట్టించుకుని విత్తించుకోవడమే దారి.

ఇంటి పనులకు

ఎరువు తోలాలి, మేత తేవాలి, ఇసుక, ఇటుక షెడ్డు దగ్గరికి చేర్చాలి. ఇల్లు, కొట్టం కట్టుకునేవాళ్లకు ట్రాలీ మొదటి ఏడాదే ఖర్చు తిరిగి రాబట్టే వస్తువు. అయితే ఈ బండ్ల సొంత బరువు 600 నుంచి 1000 కిలోల మధ్య. వెనక రెండు టన్నులు ఎక్కించి దిగుడు రోడ్డు మీద వదిలితే ట్రాలీయే బండిని తోసుకుపోతుంది. టన్ను, టన్నున్నర దగ్గర ఆగాలి, బ్రేకు ఉన్న ట్రాలీ అడగాలి. వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు అంటే నీళ్లే టన్ను అని మర్చిపోవద్దు. ట్రాలీకి రిజిస్ట్రేషన్ వేరుగా ఉంటుంది. పెళ్లికో జాతరకో మనుషుల్ని ఎక్కిస్తే, ప్రమాదం జరిగినప్పుడు బీమా దగ్గర చిక్కొస్తుంది.

వెనక తగిలించే చిన్న బ్లేడు చవక, చాలాకాలం వస్తుంది. వాకిలి చదును, బాట మీద మొరం సర్దడం, పేడ కుప్ప తోయడం అన్నీ దానితో అవుతాయి. కంచె స్తంభాలకు, మామిడి మొక్కలకు గుంతలు తీసే డిగ్గర్ మాత్రం కొనొద్దు. ఇల్లు కట్టుకునేటప్పుడు రెండు రోజులు వాడతారు, అంతే. పైగా మొరం గట్టి పొర తగిలితే షియర్ బోల్టు తెగుతూనే ఉంటుంది.

గడ్డి కోసే చాఫ్ కట్టర్‌ను పీటీవోకు తగిలించుకుందామని కొందరు చూస్తారు. రెండు బర్రెల మేతకు రోజూ ట్రాక్టర్ స్టార్ట్ చేయడం దండగ. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల కరెంటు మొదలైంది. బోరు పంపు కనెక్షన్‌తో కాకుండా ఇంటి మీటర్‌తో నడిచే చిన్న మోటారు కట్టర్ చాలు.

అమెరికాలో ఐదు పదెకరాల్లో ఇల్లు కట్టుకునేవాళ్లు ఇలాంటి చిన్న ట్రాక్టర్‌కు ముందు కొనేది ముందువైపు లోడర్. యూట్యూబ్‌లో చూసి ఇక్కడా దాని మీద మోజు పడేవాళ్లున్నారు. అక్కడ గంట లెక్కన వచ్చి పనిచేసి పోయే జేసీబీ వీధి చివర దొరకదు, మనిషి కూలి ఎక్కువ. ఇక్కడ లెక్క తలకిందులు. లోడర్‌కు పెట్టే డబ్బుతో ఎన్ని గంటల జేసీబీ వస్తుందో చూసుకుంటే మోజు దిగిపోతుంది.

కొనే ముందు కాగితాలు

కేంద్రం 2014-15లో మొదలుపెట్టిన వ్యవసాయ యాంత్రీకరణ ఉప పథకం కింద చిన్న, సన్నకారు, ఎస్సీ, ఎస్టీ, మహిళా రైతులకు 50 శాతం, మిగతావాళ్లకు 40 శాతం వరకు పనిముట్ల మీద రాయితీ ఉంటుంది. ప్రతి పనిముట్టుకూ గరిష్ఠ పరిమితి ఉంటుంది. నిధులు, దరఖాస్తు తేదీలు, పనిముట్ల జాబితా ఏటా ఒకేలా ఉండవు. అందుకే రైతు వేదికలో ఏఈవోను ముందు కలిసి, మంజూరు వచ్చాకే కొనాలి. ముందు కొని తర్వాత బిల్లు పట్టుకెళితే తిప్పి పంపేస్తారు. భూమి తండ్రి పేరు మీదే ఉండి కొడుకు కొంటున్నా ఇక్కడే ఆగిపోతుంది. పాసుపుస్తకం ఎవరి పేరున ఉంటే వాళ్లే దరఖాస్తు చేయాలి. ఇంట్లో ఆడవాళ్ల పేరున పట్టా ఉంటే ఆ పేరు మీద పెట్టుకోవడం లాభం.

2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద, దుక్కి, కోత పనిముట్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ట్రాక్టర్ టైర్లు, విడిభాగాల మీద 18 నుంచి 5కు దిగింది. బిల్లులో పన్ను ఎంత వేశారో చూసుకోవాలి. బిల్లు లేకుండా తగ్గించి ఇస్తామంటే రాయితీ, వారంటీ రెండూ పోయినట్టే.

అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ట్రాక్టర్లు, పనిముట్లు అక్కడ, మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో పరీక్షకు వెళ్తాయి. పీటీవో శక్తి ఎంత, డీజిల్ ఎంత తాగింది, లిఫ్ట్ ఎంత ఎత్తింది అన్నది ఆ నివేదికలో ఉంటుంది. డీలర్‌ను అది అడిగి చూడటంలో మొహమాటం అక్కర్లేదు.

వడ్డీ కిస్తీలు వద్దనుకునే ముస్లిం కుటుంబాల్లో ఇద్దరు ముగ్గురు అన్నదమ్ములు డబ్బు వేసుకుని సాఝాగా కొనడం ఒక దారి. బండి ఒకరిది, కల్టివేటర్, గొర్రు ఇంకొకరివి, ట్రాలీ మూడో వాడిది అని పంచుకుంటే ఎవరి మీదా మొత్తం భారం పడదు. కాకపోతే మొదటి వాన పడ్డాక ముందు ఎవరి పొలం, రిపేరు ఎవరి జేబులోంచి అన్నది కొనే రోజే కాగితం మీద రాసుకోవాలి. పదును రోజు మొదలయ్యే గొడవ పంచాయితీ దాకా పోతుంది.

షాఫ్ట్ దగ్గర

పీటీవో నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు తొమ్మిది. మూడంగుళాల మందం ఉన్న షాఫ్ట్ ఒక చుట్టుకు 24 సెంటీమీటర్ల గుడ్డను చుట్టుకుంటుంది. సెకనులో రెండు మీటర్లు దాటుతుంది. లుంగీ అంచు, రుమాలు, చున్నీ, బుర్ఖా కొస ఏది తగిలినా చెయ్యి వెనక్కి తీసుకునేంత టైం ఉండదు. షాఫ్ట్ మీద వచ్చే ప్లాస్టిక్ గొట్టం అడ్డమని తీసి మూల పడేయడం ఊళ్లలో మామూలైపోయింది. కొత్తది కొన్న రోజు నుంచే అది ఉంచాలి, విరిగితే మార్చాలి. బ్లేడ్లకు చుట్టుకున్న గడ్డి తీయాలంటే ముందు ఇంజన్ ఆపాలి, తాళం జేబులో వేసుకోవాలి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి. కట్టలేని బావి ఒడ్డున మూడు నాలుగు మీటర్లు దున్నకుండా వదిలేయాలి. సీటు పక్కన పిల్లల్ని కూర్చోబెట్టుకుని దున్నడం అసలే వద్దు. మినీ బండి మీద రెండో మనిషికి చోటు లేదు.